నంది ఎడమ చెవి

మూడో కావడి గుడి గడప దాటేసరికి గుండయ్య భుజం మీది గుడ్డమడత వెనక్కి జారింది. సర్దుకోవడానికి ఆగలేదు. ఆగితే బిందెలు ఊగుతాయి. ఊగితే నీళ్లు ఒలికి రాతిపలకలు తడుస్తాయి. తడిసిన రాయి మీద కాలు ఎలా జారుతుందో అతనికి తెలిసినంతగా ఆ గుడిలో ఇంకెవరికీ తెలియదు. మోకాళ్లు కొద్దిగా వంచి, చిన్నచిన్న అడుగులు వేస్తూ మండపం అంచునే నడిచి, నంది వెనకనుంచి చుట్టూ తిరిగి గర్భగుడి వైపు పోయాడు. నంది ముందునుంచి పోతే నాలుగడుగులు తక్కువ. కానీ ఇరవై ఏడేళ్లుగా అతను ఆ దారిన నీళ్లు మొయ్యలేదు.

అరవై ఏళ్ల మనిషి. పొట్టివాడు. కుడి భుజం మీద అరచెయ్యంత మేర చర్మం నల్లబడి, మొద్దుబారి, కాయ కాసింది. మెడ ఎడమవైపుకు ఒరిగి అలాగే ఉండిపోయింది. నిలబడి ఉన్నప్పుడు చూస్తే ఎవరో మెల్లగా చెప్తున్నది వింటున్నట్టు కనిపిస్తాడు. ఈ మధ్య మూడో కావడికే ఆయాసం వస్తోంది. పాలమ్మే గౌలివాళ్ల బావి నుంచి గుడికి నూట అరవై అడుగులు. పొద్దున పన్నెండు కావళ్లు, సాయంత్రం నాలుగు. ఆషాఢం ముసురు పట్టి సందంతా పేడా బురదా కలిసిపోయాక ఆ నూట అరవై అడుగులే రెండింతలయ్యాయి.

పురానాపూల్ దర్వాజా దాటి నది వైపు దిగే సందులో, పాలవాళ్ల కొట్టాల వెనక ఉంటుంది ఉప్పు మల్లన్న గుడి. గోపురం లేదు. బయటినుంచి చూస్తే ఎవరో నవాబుగారి పాత దేవిడీ ప్రహరీ అనుకుంటారు. లోపల స్వామి నేలకు అయిదు మెట్ల కింద ఉంటాడు. మూసీ మీద ఆ పుల్, ఆ వంతెన, కట్టకముందు, జనం నదిని రేవులో దిగి దాటే కాలంలో, సముద్రం వైపునుంచి గోలకొండకు ఉప్పు మోసుకొచ్చే మల్లయ్య అనేవాడు పొద్దుగూకి ఈ ఒడ్డున ఆగాడట. బస్తా తడవకుండా ఒక రాయి మీద పెట్టి పడుకున్నాడు. తెల్లారి లేచి చూస్తే బస్తా ఖాళీ. రాయి చుట్టూ నీళ్లు ఊరి ఉన్నాయి. ఏడుస్తూ ఆ నీళ్లే దోసిట పట్టి తాగితే తియ్యగా ఉన్నాయి. నా బరువు ఈ రాయి కరిగించుకుంది అనుకుని మల్లయ్య మళ్లీ బస్తా ఎత్తలేదు. అక్కడే ఉండిపోయి ఆ రాతికి నీళ్లు పోస్తూ బతికాడు. అందుకే ఇక్కడ కొబ్బరికాయ కన్నా ముందు పిడికెడు ఉప్పు. సోమవారం వస్తే మెట్ల అంచున ఉప్పు కుప్పలు పోసి ఉంటుంది. తీర్థం మాత్రం తియ్యగానే ఉంటుంది.

ఎండాకాలం ఊట సన్నగిల్లుతుంది. అప్పుడు జనం రాకముందే గుండయ్య ఇంకో రెండు కావళ్లు తెచ్చి స్వామి చుట్టూ ఉన్న గుండంలో పోస్తాడు. ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. అతని తండ్రి కూడా అలాగే పోసేవాడు.

నంది సంగతి వేరు. నల్లరాతి నంది, మనిషి నడుము ఎత్తు. ఎడమ చెవి సగానికి విరిగిపోయి, విరిగినచోట పొడిచేతులూ తడిచేతులూ తగిలి తగిలి నునుపుతేలింది. జనం ఆ చెవిలోనే చెప్పుకుంటారు. కుడి చెవి బాగానే ఉన్నా దాని దగ్గరికి ఎవరూ పోరు. గోడకు వేలాడదీసిన రేకు మీద నీలం రంగుతో ఇలా రాసి ఉంటుంది: వెనకటి తుగ్యానీ వరదలో మూసీ పొంగి జనం ఈ నంది వీపునెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు, కొట్టుకొచ్చిన మాను దెబ్బను నంది తన చెవితో కాచుకుంది, నాటినుంచి ఆ చెవిలో చెప్పిన మొర స్వామికి నేరుగా చేరుతుంది.

ఆ రేకు కింద నుంచి పోయేటప్పుడు గుండయ్య తలెత్తడు. చదవడం రాదు. కానీ అందులో ఏముందో అందరికన్నా బాగా తెలుసు.

పన్నెండో కావడి దించి భుజం తుడుచుకుంటుంటే పంతులమ్మ వచ్చింది. లక్ష్మీకాంతమ్మ ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పి రిటైరయింది. సైదాబాద్‌లో ఉంటుంది. శ్రావణమాసానికి గుడి చరిత్ర పుస్తకంగా తేవాలని పెద్దమనుషులు అనుకుని ఆమెకు అప్పగించారు. నెలరోజులుగా వస్తోంది. మండపంలో చాప మీద కూర్చుని, కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, స్తంభాల మీద గీతలు కూడా కాగితం మీద దించుకుంటుంది. పూజారి చెన్నబసవయ్య ఆమెకు ఎదురుగా కూర్చుంటాడు. యాభై ఏళ్ల మనిషి, మెత్తటి మాట.

ఆ రోజు ఆమె ఒడిలో చెదలు తిన్న అట్టపుస్తకం ఉంది.

"మీ నాన్నగారు రోజూ రాసుకునేవారు కదండీ, ఆ పెట్టెలో దొరికింది," అంది పూజారితో. "ఇదొకటి చూశారా?" పుస్తకం వెలుతురు వైపు తిప్పి చదివింది. "కార్తీక సోమవారము. ఊడ్చు సక్కుబాయి అజాగ్రత్త వలన నంది ఎడమ చెవి విరిగినది. ఆమెను పనిలోనుంచి తీసివేయడమైనది."

గుండయ్య ఖాళీ బిందె బోర్లిస్తున్నవాడు అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

చెన్నబసవయ్య ఆ పేజీ మీదికి వంగి తండ్రి చేతిరాత చూశాడు. "నేను పసితనం సంది శ్రీశైలం దిక్కు మఠంలనే పెరిగిన," అన్నాడు. "వచ్చేసరికి తుగ్యానీల ఇరిగిందనే చెప్పిన్రు అందరు. అది రాయకుండ్రి అమ్మా. జనం నమ్మకం."

"రెండూ రాస్తానండీ. జనం చెప్పుకునేది ఒకటి, ఇందులో ఉన్నది ఒకటి. రాసి ఉన్నదాన్ని నేను దాచలేను." ఆమె గుండయ్య వైపు తిరిగింది. "గుండయ్యా, అప్పటికి నువ్వు పనిలో ఉన్నావా?"

"ఉన్ననమ్మా."

"ఆమె ఎట్లా విరగ్గొట్టింది?"

గుండయ్య బిందె నేల మీద పెట్టాడు. "చీకటుండెనమ్మా," అన్నాడు. "నేను చూడలే."

ఆ మాట అబద్ధం కాదు. చెవి విరగడం అతను నిజంగానే చూడలేదు. చప్పుడు విన్నాడు.

"ఉందా ఆమె ఇంకా?"

"ఉన్నది. ఫలక్‌నుమాల ఉంటది."

"నీకెట్ల ఎరుక?" అన్నాడు చెన్నబసవయ్య.

గుండయ్య భుజం మీది గుడ్డమడత తీసి దులుపుకున్నాడు. పంతులమ్మ ఏదో రాసుకుంది. పేరు రాసుకుంటోందని ఆ చెయ్యి కదిలే తీరులోనే అతనికి తెలిసింది. రేపు పది గంటలకు ప్రెస్సువాడికి కాగితాలు ఇచ్చేస్తానని ఆమె పూజారితో చెప్తుంటే విన్నాడు. బిందెలు నీడకు చేర్చి, కావడిబద్ద గోడకు ఆనించి, ఎవరికీ చెప్పకుండా బయటికి నడిచాడు.

ఇంటికి పోయి ఉతికిన ధోవతి కట్టుకున్నాడు. కోడలు అన్నం పెడతానంటే వద్దన్నాడు. బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. చార్మినార్ దాటాక శాలిబండ ఎక్కుడులో బస్సు మూలుగుతూ పోతుంటే, ఇరవై ఏడేళ్లుగా ఏ పూటా మనసులో మెదలకుండా పోని ఆ తెల్లవారుజాము మళ్లీ మొదటినుంచి మొదలైంది.

అప్పటికి తండ్రి పోయి ఆర్నెల్లు. కావడి తన భుజానికి వచ్చి ఆర్నెల్లు. భార్య చంద్రమ్మకు నెలలు నిండాయి. కార్తీక సోమవారం జనం ఎక్కువ వస్తారని తొందరగా నీళ్లు మోస్తున్నాడు. నంది ముందు ఎవరో ఒలకబోసిన నూనె. కాలు జారింది. తను పడలేదు. ముందు బిందె గిర్రున తిరిగి దేనికో తగిలింది. చిన్న చప్పుడు, బెల్లం ముక్క విరిచినట్టు. చేత్తో తడిమితే నంది చెవి సగం లేదు. కింద వెతికితే దొరికింది. అరచేతిలో పట్టేంత రాయి, ఒక పక్క నున్నగా, ఒక పక్క గరుగ్గా. మొలలో దోపుకుని, మిగిలిన నీళ్లు గుండంలో పోసి, మళ్లీ బావికి పోతున్నట్టే పోయి పుల్ మీదినుంచి మూసీలో వేశాడు.

అతను తిరిగి వచ్చేసరికి సక్కుబాయి ఊడుస్తోంది. ఇరవై అయిదేళ్ల పిల్ల. మండపం స్తంభాలకు చీర కట్టి ఏడాది నిండని కూతుర్ని అందులో పడుకోబెట్టి పని చేసుకునేది. నంది పక్కన ఇనుప దీపపు సెమ్మె ఉంటుంది. దాన్ని జరిపి కింద ఊడ్చి మళ్లీ జరిపేది. తెల్లవారాక పెద్దయ్యవారు, అంటే చెన్నబసవయ్య తండ్రి, నందికి బొట్టు పెట్టబోయి చూశాడు. ఎవరూ ఏమీ అనకముందే అందరి కళ్లూ చీపురు పట్టుకున్నామె మీదికే పోయాయి. ఆమె నంది దగ్గరికి వచ్చి చూసి, సెమ్మె వైపు చూసి, "జరుపుతుంటె టక్కుమన్నది బాపు. నాకే తగిలిందేమో," అంది.

ఆ 'ఏమో' ఎవరికీ వినిపించలేదు. గుండయ్యకు వినిపించింది. కావడి భుజం మీద ఉంది. రెండు బిందెల నిండా నీళ్లు. దించి మాట్లాడాలి. దించలేదు.

ఆ మధ్యాహ్నమే కార్వాన్ నుంచి వచ్చిన ఒకామె చెవి ఎందుకట్లా ఉందని అతన్నే అడిగింది. "తుగ్యానీల ఇరిగిందంట," అన్నాడు. ఆమె ఆ విరిగినచోట చెయ్యి పెట్టి కళ్లు మూసుకుంది. మర్నాడు ఇద్దరొచ్చారు. పదేళ్లకు గోడ మీద రేకు వచ్చింది. మాను కొట్టుకొచ్చిందని ఎవరు కలిపారో, జనం వీపునెక్కారని ఎవరు కలిపారో అతనికి తెలియదు. మొదటి మాట మాత్రం తనది.

"ఆఖిరీ స్టాప్, చచా. ఉతరో," అన్నాడు కండక్టరు.

నాలుగేళ్ల కింద కొడుకు కొండల్‌కు సంబంధం చూడటానికి వచ్చినప్పుడు, రైలుపట్టాల పక్కన పాత బట్టల మూట నెత్తిన పెట్టుకుని పోతున్న సక్కుబాయిని చూశాడు. వెనకే నడిచి ఇల్లు చూసుకున్నాడు. తర్వాత మూడుసార్లు ఆ సందు మొదటిదాకా వచ్చి తిరిగిపోయాడు. ఒకసారి గిర్నీ దగ్గర నిలబడి పిండి పట్టే చప్పుడు వింటూ గంటసేపు గడిపాడు. ఈసారి ఆగలేదు.

రేకుల ఇల్లు. చూరు కింద చెప్పులు విడిచాడు. గడపలో కూర్చుని ఆమె బొంత కుడుతోంది. పాత లుంగీలు, చీరెపేలికలు ఒకదాని మీద ఒకటి పరిచి, మోకాళ్ల మీదుగా లాక్కుని, దబ్బనంతటి సూదితో పెద్దపెద్ద కుట్లు వేస్తోంది. జుట్టు సగం తెల్లబడింది. బొట్టు లేదు. కళ్లు చిట్లించి చూసింది.

"ఎవలు?"

"నేను, గుండయ్యను. మల్లన్న గుడి."

సూది గుడ్డలో ఆగింది. "నీళ్ల గుండన్నవా? మస్తు ముసలోనివైనవ్," అంది. "కూసో."

ఆమెకు ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కొడుకు మొగులయ్య వెల్డింగు కొట్టుకు పోయాడని, భర్త ఓదెలు రైల్వే గ్యాంగుపనిలో ఉండగానే ఏడేళ్ల కింద పోయాడని ఆమే చెప్పింది. చంద్రమ్మ ఎట్లున్నదని అడిగింది. పోయిందని చెప్పాడు. పట్టాల మీద గూడ్సుబండి నెమ్మదిగా పోయింది. అది పోయేదాకా మాట్లాడకపోవడం అతనికి తేలికగా ఉంది.

"గుడికి పుస్తకం అచ్చేస్తున్నరు," అన్నాడు చివరికి. "అండ్ల నీ పేరు రాస్తున్నరు. నంది చెవి నువ్వు ఇరగ్గొట్టినవని."

ఆమె సూది లాగింది. "రాయనియ్యి. లేనిది రాస్తున్నరా?"

"నువ్వు కాదు సక్కుబాయ్."

"సెమ్మె జరుపుతుంటె టక్కుమన్నది. నేనిన్న."

"సెమ్మె బండకు తగిలింది. చెవి అప్పటికే లేదు. నీకన్న ముందు నేనొచ్చిన. నూనెల కాలు జారింది. బిందె తగిలింది." చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని వాటినే చూస్తూ చెప్పాడు. "ముక్క దీస్కపోయి మూసీల ఏసిన. నేనే."

ఆమె ఇంకో కుట్టు వేసింది. దారం అయిపోయింది. కొరికి, కొత్త దారం పెదాల మధ్య తడిపి సూదిలోకి ఎక్కించబోయింది. రెండుసార్లు తప్పింది. మూడోసారి ఎక్కించకుండానే సూదినీ దారాన్నీ ఒడిలో పెట్టుకుంది.

"పుష్ప యాదికున్నదా నీకు?"

"ఉన్నది. మండపంల ఉయ్యాల గట్టి పండవెట్టేదానివి."

"ఎండకాలం రాంగనే పోయింది. వాంతులు, భేదులు. రెండు దినాలు. ఆయన దవాఖానకు కొంచవోదమన్నడు. నేనే వద్దన్న. నందికి తప్పు చేసిన, దవాఖానోళ్లేం జేస్తరు అన్న." ఆమె గొంతు పెరగలేదు. బొంతలో ఉన్న చీరెముక్క ఎవరిదో చెప్తున్నట్టే చెప్పింది. "ఉప్పు దీస్కొని గుడికొచ్చిన. లోపలికొచ్చే ధైర్యం చాల్లే. బయట నిలవడ్డ మస్తుసేపు. చెయ్యి చెమటకు ఉప్పంత కరిగింది. నువ్వు నీళ్లు మోస్కుంట పోతున్నవ్. నన్ను చూసినవ్."

గుండయ్యకు గుర్తుంది. ఎండకు ఎర్రబడ్డ మొహం, మూసిన పిడికిలి. ఆ రోజు పొద్దున నాలుగు కావళ్లు ఆమె పక్కనుంచే మోశాడు. అయిదోసారి వచ్చేసరికి ఆమె లేదు. పిల్లకు బాగాలేదని కూడా తనకు తెలియదు. అడిగి ఉంటే తెలిసేది.

"చూసిన," అన్నాడు.

"గప్పుడన్న చెప్పుంటె అయిపోతుండె," అంది ఆమె. "ఇరవై ఏడేండ్లు ఏ గుడి మెట్టెక్కలె. బోనమెత్తలె. కొడుకు లగ్గం గుడిల జేసిన్రు. నేను బయట చెప్పుల కాడ కూసున్న. కోడలు ఏమనుకున్నదో ఏమో," అంది.

"తప్పయింది సక్కుబాయ్."

ఆమె సూది తీసుకుంది. ఈసారి దారం ఎక్కింది. "పోయి ఆ పంతులమ్మకు చెప్పు. నా పేరు తీసెయ్యమను. ఇయ్యాల్నే చెప్పు."

అతను లేచి నిలబడ్డాడు. మన్నిస్తవా అని ఇంకో మాట అడగాలని ఉంది. ఇన్నేళ్లుగా ఆమె ముందుకు రాలేకపోయింది ఆ మాట అడగలేకే. ఆమె తలెత్తలేదు. కుట్టు మీద కుట్టు వేస్తూ, "పొద్దు వోతున్నది, పో," అంది.

బస్‌స్టాపుకు వచ్చాక చల్లగా తగిలితే కిందికి చూసుకున్నాడు. కాళ్లకు చెప్పులు లేవు. కొడుకు కొనిచ్చిన తోలుచెప్పులు. ఏడాదికి నాలుగుసార్లు తొడుగుతాడు. రోజంతా ఉత్తకాళ్లతో తిరిగే మనిషికి అవి ఉన్నట్టూ తెలియదు, లేనట్టూ తెలియదు. మళ్లీ ఆ గడప ముందుకు పోవడానికి కాళ్లు రాలేదు. ఇంకోరోజు పోవచ్చు అనుకుని సైదాబాద్ దారి పట్టాడు.

లక్ష్మీకాంతమ్మ ఇల్లు నలుగురినడిగి కనుక్కునేసరికి నాలుగు దాటింది. వరండాలో బల్ల మీద కాగితాలన్నీ వరసగా పెట్టుకుని దారంతో కుడుతోంది. కూర్చోమన్నా అతను కూర్చోలేదు. బురద కాళ్లతో మెట్టు కిందే నిలబడి చెప్పాడు. నూనె, బిందె, మూసీ, సెమ్మె, కార్వాన్ ఆమె, అన్నీ. పుష్ప సంగతి చెప్పబోయి ఆగిపోయాడు. అది తను చెప్పదగ్గది కాదనిపించింది.

ఆమె కళ్లద్దాలు తీసి చీరకొంగుతో చాలాసేపు తుడుచుకుంది. "పొద్దున అడిగాను కదా గుండయ్యా," అంది.

"అడిగిన్రమ్మా."

"ఆమె పేరు కొట్టేస్తాను. మరి నీ పేరు రాయమంటావా?"

"రాయుండ్రి. నీళ్ల గుండయ్య అని రాయుండ్రి. గుండయ్యలు చానమంది ఉంటరు."

కుట్టిన దారం తెంపి ఆ కాగితం బయటికి తీసింది. ఒక వరస మీద అడ్డంగా గీత గీసింది. పైన సన్నటి అక్షరాలతో రాసి, అతనికి చదివి వినిపించింది. రెండోసారి చదవమన్నాడు. చదివింది.

సాయంత్రం నాలుగు కావళ్లు మోసేటప్పటికి దీపాలు పెట్టే వేళయింది. చెన్నబసవయ్య ఒక్కడే ఉన్నాడు. గుండయ్య ఆయనకు కూడా చెప్పాడు. మూడోసారికి మాటలు తక్కువ పట్టాయి.

చెన్నబసవయ్య చేతిలో వత్తి అలాగే ఉంది. "నువ్వు చెప్పేది నిజమే కావచ్చు," అన్నాడు. "మా నాయిన ఆ పిల్లను పంపించిండంటే నాకూ మనసుకు ఒకతీరుగనే ఉన్నది. కని గుండయ్యా, ఇన్నేండ్ల సంది ఆ చెవిల ఎంతమంది ఏడ్చిన్రు. వాళ్లకు ఏం చెప్పమంటవ్?"

"నాకెరుక లేదయ్యా."

"ఈ నోటితోనే ఇంకెవలకన్న చెప్పినవా?"

"పంతులమ్మకు చెప్పిన. రాసింది."

పూజారి దీపం వెలిగించి నంది ముందు పెట్టాడు. తర్వాత ఆ మాట ఎత్తలేదు. ప్రసాదం చేతిలో పెట్టి, "ఇయ్యాల అలిసిపోయినవ్, ఇంటికి పో," అన్నాడు.

మర్నాడు పొద్దున గుడికి నీళ్లు రాలేదు. ముసురుకు లేవలేదేమో అని చెన్నబసవయ్య కాసేపు చూశాడు. తర్వాత తనే గొడుగు వేసుకుని గుండయ్య ఇంటికి పోయాడు. కొండల్ బయట కూర్చుని ఉన్నాడు. తండ్రి తెల్లవారగానే లేచి కూర్చుని చాయ్ అడిగాడట. కోడలు చాయ్ తెచ్చేలోపు గోడకు ఒరిగాడట. మెడ ఎప్పుడూ అట్లాగే ఒరిగి ఉంటుంది కనక ప్రాణం పోయిందని ఆమెకు వెంటనే తెలియలేదు. మధ్యాహ్నానికి వాన తెరిపిచ్చింది. పురానాపూల్ కింది ఒడ్డునే అన్నీ అయిపోయాయి.

శ్రావణం మొదటి సోమవారం పుస్తకం వచ్చింది. లేతపసుపు అట్ట, ముప్పై రెండు పేజీలు. అచ్చుకు పోయేముందు పెద్దమనుషులు కాగితాలన్నీ చూశారు. పోయిన మనిషి మీద ఎందుకమ్మా ఇప్పుడు, అన్నారు. లక్ష్మీకాంతమ్మ రెండు రోజులు వాదించింది. మూడో రోజు, అయితే పుస్తకం మీద నా పేరు వెయ్యకండి అని చెప్పి వచ్చేసింది. వాళ్లు వెయ్యలేదు. ఏడో పేజీలో నంది చెవి తుగ్యానీలో విరిగిందని ఉంది. సక్కుబాయి పేరు లేదు. నీళ్ల గుండయ్య పేరు లేదు. గుడికి నీళ్ల నల్లా పెట్టించారు.

ఫలక్‌నుమాకు ఈ సంగతులేవీ చేరలేదు. చేర్చేవాళ్లు లేరు. గుండయ్య వచ్చిపోయిన సాయంత్రం ఊడుస్తుంటే చెప్పులు సక్కుబాయి కంట పడ్డాయి. సందు చివరిదాకా పోయి చూసింది. అతను కనపడలేదు. రేపు వస్తాడు అనుకుంది. వచ్చిన మనిషికి మంచినీళ్లు కూడా ఇవ్వలేదని అప్పుడు గుర్తొచ్చింది. పెద్దవాడు, అంత దూరం నుంచి వచ్చాడు. అడగడానికి నోరు రాక నిలబడ్డ ఆ మాట ఏమిటో ఆమెకు తెలియకపోలేదు. చెప్పాల్సింది మనసులో తేలడానికి ఆమెకు కొన్ని రోజులు పట్టింది. తేలింది. ఈసారి వస్తే కూర్చోబెట్టి, చాయ్ పోసి, అప్పుడు చెప్పాలనుకుంది.

ఆ బొంత అయిపోయి ఎవరో పట్టుకుపోయారు. ఇంకోటి మొదలుపెట్టింది. వాన జల్లు కొట్టినప్పుడు చెప్పులు తీసి మంచం కింద పెట్టేది. వాన ఆగగానే, వచ్చే మనిషికి దూరంనుంచే కనిపించాలని మళ్లీ తెచ్చి బయట పెట్టేది. మొగులయ్య ఒకసారి, ఎవరివే ఇవి, పారెయ్యరాదు, అన్నాడు. "ఉండనియ్యి, మనిషి వస్తడు," అంది.

గడప పక్కన, చూరునీళ్లు పడని చోట, తొడుక్కోవడానికి వీలుగా సందు వైపు తిప్పి పెట్టిన తోలుచెప్పులు, వాటి పట్టీల మీద సన్నగా పేరుకున్న తెల్లటి బూజు.